దొంగ కబురు పంపి దెబ్బ వేయడం ఎలా: ఫెయింట్లు, ఉలికిపాటు, మధ్యలో దొరికే ఆ పావు సెకను

కిక్‌బాక్సింగ్‌లో స్పారింగ్ (పార్ట్‌నర్‌తో చేసే ప్రాక్టీస్ ఫైట్) మొదలెట్టిన కొత్తలో, రెండో నెల అనుకుంటా, ఒక సీనియర్‌తో మూడు రౌండ్లు చేశాను. నాకంటే ఓ పదేళ్ళు పెద్దాయన, సన్నగా ఉంటాడు, బలం చూసుకున్నా నాకంటే తక్కువే. మొదటి రౌండ్‌లోనే ఒక పని చేశాడు. నా ముందు కాలి మోకాలి వైపు ఒక్కసారి కిందకి చూశాడు, తుంటి కొంచెం తిప్పాడు, అంతే, లో కిక్ (కాలి మీద తన్నే కిక్) వస్తోందనుకుని నేను కాలు పైకెత్తేశా. కొంగలా ఒంటికాలి మీద నిలబడి ఉన్నా, ఈలోగా గ్లవ్ వచ్చి ముక్కు మీద పడింది. గట్టిగా కూడా కొట్టలేదు పాపం, కానీ ఒంటికాలి మీద ఉన్నోణ్ణి కదా, రెండడుగులు తూలి వెళ్ళి తాళ్ళ మీద పడ్డా. కళ్ళలో నీళ్ళు. సరే పోనీ అనుకుంటే అదే పని ఇంకో రెండుసార్లు చేశాడు, రెండుసార్లూ కాలు ఎత్తాను. ఆ చూపు అబద్ధం అని బుర్రకి తెలుసు, అయినా కాలు నా మాట వినట్లేదు, దానంతటదే లేచిపోతోంది. అయ్యాక అడిగితే నవ్వి "నువ్వు చూస్తున్నావు కాబట్టే చూపిస్తున్నా" అన్నాడు.

ఇక్కడ రాసేదంతా ఆ ఒక్క మాట గురించే. ఎదుటోణ్ణి ఏమార్చడం అంటే ఏదో మాయో మంత్రమో అనుకుంటాం గానీ, వాడి ఒళ్ళు వాణ్ణి కాపాడటానికి ఆటోమేటిక్‌గా చేసే పనులు కొన్ని ఉంటాయి, వాటిని మనకి కావాల్సిన టైమ్‌లో చేయించడమే దీంట్లో పని. నేను ఎక్కువగా కిక్‌బాక్సింగ్ లెక్కలో చెప్తాను ఎందుకంటే నాకు తెలిసింది అది, కానీ కుస్తీ అయినా, కబడ్డీ అయినా, బ్యాడ్మింటన్ అయినా, రోడ్డు మీద ఎవడైనా మీదకొస్తే తప్పించుకోవడం అయినా లోపల నడిచే యంత్రం ఒకటే.

ముందు టైమ్ లెక్క

కంటికి ఏదైనా కనపడ్డాక, చేయాల్సిన పని ఒక్కటే అయినా సరే, అంటే లైటు వెలగ్గానే బటన్ నొక్కు అన్నంత ఈజీ పని అయినా సరే, మనిషికి దాదాపు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది, పావు సెకను అనుకోండి. శబ్దానికి కొంచెం తొందరగా కదులుతాం, 150 ఆ చుట్టుపక్కల. ఇది ఒకే ఒక్క జవాబు ఉన్నప్పుడు. తిన్నగా పంచ్ రావచ్చు, పక్క నుంచి పంచ్ రావచ్చు, కిక్ రావచ్చు, ఏదొస్తే దానికి వేరే జవాబు ఇవ్వాలి అంటే ఆ టైమ్ ఇంకా పెరుగుతుంది, ఆప్షన్లు ఎక్కువయ్యేకొద్దీ ఎంత పెరుగుతుందో 1952లో హిక్ అనే సైకాలజిస్టు కొలిచి చూపించాడు, దాన్ని హిక్స్ లా అంటారు.

ఇప్పుడు జాబ్ సంగతి చూడండి (ఉద్యోగం కాదండోయ్, ముందు చేత్తో తిన్నగా వేసే పంచ్). దగ్గర నుంచి వేస్తే అది ఆ పావు సెకను పూర్తయ్యేలోపే మొహం దాకా వచ్చేస్తుంది. మరి లోకంలో ఎవడూ జాబ్‌ని ఆపలేకపోవాలి కదా? కానీ ఆపుతున్నారు. ఎలా అంటే, వాళ్ళు గ్లవ్‌ని చూసి కదలట్లేదు. గ్లవ్ బయల్దేరకముందే భుజం కొంచెం లేస్తుంది, మోచెయ్యి పక్కటెముకల నుంచి విడిపోతుంది, బరువు ముందు పాదం మీదకి జారుతుంది, కొందరైతే కొట్టేముందు బుస్సుమని ఊపిరి పీలుస్తారు. వీటన్నిటినీ ఎదుటోడి బుర్ర చదివేసి "వస్తోంది" అని ముందే ఆర్డర్ వేసేస్తుంది. అంటే వాడు దెబ్బని చూసి కాదు, దెబ్బ రాబోతోందన్న కబురు చూసి కదులుతాడు. అలాంటప్పుడు దెబ్బ లేకుండా ఉత్త కబురు పంపిస్తే చాలు. దీన్నే ఫెయింట్ అంటారు. స్పృహ తప్పిపోయే ఫెయింట్ కాదు, ఉత్తుత్తి దెబ్బ అన్నమాట.

ఫుట్‌బాల్ పెనాల్టీలో కూడా ఇదే కథ. బంతి 11 మీటర్ల నుంచి వస్తుంది, గట్టిగా తంతే అర సెకను కూడా పట్టదు, బంతి ఎటు పోతోందో చూసి అప్పుడు దూకుదాం అనుకుంటే గోలీ పనైపోయినట్టే, అందుకే ముందే ఏదో పక్క ఊహించుకుని దూకుతాడు. 1976 యూరో ఫైనల్ బెల్‌గ్రేడ్‌లో జరిగింది, చెకొస్లొవేకియా, వెస్ట్ జర్మనీ, షూటౌట్ దాకా పోయింది. ఆఖరి కిక్‌కి చెకొస్లొవేకియా ఆటగాడు పనెన్కా గట్టిగా పరిగెత్తుకుంటూ వచ్చి, బంతి కింద చిన్నగా తట్టి తిన్నగా మధ్యలోకి లేపాడు. జర్మన్ గోలీ సెప్ మయర్ అప్పటికే ఒక పక్కకి గాల్లో ఉన్నాడు. బంతి తీరిగ్గా తేలుకుంటూ వెళ్ళి నెట్‌లో పడింది. అక్కడ మోసం చేసింది పాదం కాదు, ఆ పరుగు. అంత స్పీడుగా వచ్చేవాడు గట్టిగానే తంతాడని గోలీ ఒళ్ళు నమ్మేసింది.

ఫెయింట్ అమ్ముడుపోవాలంటే

కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటే, చెయ్యి సగం దాకా విసిరి వెనక్కి లాగుతారు. అది ఫెయింట్ కాదు, ఆగిపోయిన పంచ్. దాంతో రెండు నష్టాలు, మీ చెయ్యి గార్డ్ (మొహానికి కాపలాగా చేతులు పైకి పెట్టుకునే పొజిషన్) వదిలి బయటికి పోయింది, మీ బరువు కూడా దాంతో పాటు పోయింది, ఇప్పుడు నిజం దెబ్బ వేయాలంటే మళ్ళీ మొదటికి రావాలి. చెయ్యి కదలక్కర్లేదు అసలు. నిజం జాబ్ వేసేటప్పుడు మొదటి నాలుగు అంగుళాల్లో మీ ఒంట్లో ఏమేం కదులుతాయో అవే కదలాలి, అక్కడితో కట్. భుజం టక్కున ముందుకి, ముందు పాదం ఓ బెత్తెడు జరిగి నేలని తట్టాలి, చూపు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళాలి. ఊపిరి కూడా. మీకు పంచ్ వేసేటప్పుడు "స్స్" అని వదిలే అలవాటుంటే ఫెయింట్‌కి కూడా అదే "స్స్" వదలండి, చెప్పా కదా చెవి కన్ను కంటే ఫాస్ట్ అని. ఫెన్సింగ్ వాళ్ళైతే ముందు పాదంతో నేలని టప్పుమని కొడతారు, అపెల్ అంటారు దాన్ని, ఆ చప్పుడుకే ఎదుటోడు కత్తి కదిపేస్తాడు.

ఫోన్‌లో స్లో మోషన్ ఉంటుంది కదా, 240 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి 240 ఫ్రేములు) మీ నిజం జాబ్ పది, ఉత్తుత్తి జాబ్ పది తీసి పక్కపక్కన చూసుకోండి. నేను తీసుకున్నప్పుడు తెలిసింది ఏంటంటే నిజం జాబ్ ముందు నా గడ్డం కొంచెం కిందకి దిగుతోంది, ఉత్తుత్తి దానికి దిగట్లేదు. ఆ సీనియర్‌కి నాలో కనపడింది అదే అయ్యుంటుంది, నేను ఎన్ని ఫెయింట్లు వేసినా గోడలా నిలబడేవాడు మహానుభావుడు.

ఇంకోటి, ఇది చాలామంది మర్చిపోతారు, ఉత్తుత్తి నోటు చెల్లాలంటే ముందు అసలు నోటు ఎలా ఉంటుందో వాడు చూసి ఉండాలి. మీ లో కిక్ ఒక్కసారి కూడా తగల్లేదనుకోండి, మీరు మోకాలి వైపు ఎంత చూసినా వాడికేం భయం? మొదటి నిమిషంలో నిజం కిక్‌లు ఒక మూడు వేయండి, ఒకటి మంటెక్కేలా తగలాలి (స్పారింగ్ అయితే కంట్రోల్‌లోనే). నాలుగోసారి తుంటి కదిపితే చాలు, వాడి కాలు దానంతటదే లేస్తుంది, వాడి చేతులు కూడా కొంచెం కిందకి వస్తాయి. అప్పుడు పైన ఖాళీ.

దీనికి రివర్స్ కూడా ఉంది, నాన్నా పులి కథలాగా. ఆ కుర్రాడు ఉత్తుత్తికే రెండుసార్లు పులి పులి అని అరిచాడు, మూడోసారి నిజంగా పులి వస్తే ఎవడూ రాలేదు. మనకి కావాల్సింది కూడా సరిగ్గా అదే, కాకపోతే మనం ఇక్కడ పులి పక్షం. ఒకే భుజం ఫెయింట్ నాలుగైదుసార్లు వేసి ఏం కొట్టకుండా వదిలేస్తే ఎదుటోడు "ఓహో వీడిది ఉత్తదే" అని రియాక్ట్ అవడం మానేస్తాడు, ఆ మానేసిన సారి నిజంది పంపాలి. కాబట్టి ఎదుటోడు మీ ఫెయింట్‌కి కదిలినా మీకు లాభమే, కదలకపోయినా లాభమే, కానీ ఏది జరిగిందో మీరు గమనించాలి. గమనించకుండా ఫెయింట్లు వేసేవాడు ఊరికే ఒళ్ళు ఊపుకుంటూ అలిసిపోతాడు, అలాంటోళ్ళని బోలెడుమందిని చూశా.

ఎంత గ్యాప్

ఉత్తుత్తి దానికీ నిజం దానికీ మధ్య ఎంత టైమ్ ఉండాలన్నది చెప్పడం కష్టం, చూపించడం ఈజీ, అయినా ట్రై చేస్తా. మనిషి బుర్ర ఒక దానికి జవాబు తయారు చేస్తున్నప్పుడు రెండోది వస్తే ఆ రెండోది క్యూలో నిలబడాల్సిందే, దాని రియాక్షన్ లేటవుతుంది. సైకలాజికల్ రిఫ్రాక్టరీ పీరియడ్ అని దీనికి పెద్ద పేరు, 1931లోనే టెల్‌ఫోర్డ్ అనే ఆయన గమనించి పెట్టాడు. మనకి కావాల్సింది ఆ క్యూ.

మరీ తొందరపడితే ఏమవుతుందంటే వాడు మీ ఉత్తుత్తి కబురు చదివేలోపే నిజం దెబ్బ వచ్చేస్తుంది, వాడి గార్డ్ ఇంకా కదలనే లేదు, దెబ్బ నేరుగా గార్డ్ మీదే పడుతుంది. మీ మోసం మీకు తప్ప ఎవరికీ తెలియలేదు. మరీ ఆలస్యం చేస్తే వాడు కదిలాడు, అబద్ధమని తెలుసుకున్నాడు, గార్డ్ మళ్ళీ సర్దుకున్నాడు, పైగా ఇప్పుడు కోపంగా కూడా ఉన్నాడు. సరైన టైమ్ ఏంటంటే వాడి చెయ్యి కదలడం మొదలైన క్షణం. "కదిలాక" కాదు, "కదులుతుండగా". టక్ అని ఒక లెక్క, టక్ అని ఇంకో లెక్క కాదు, ట-టక్ అన్నట్టు రెండోది మొదటిదాని తోకని పట్టుకుని రావాలి. అందుకే నిజం దెబ్బ ఏదో ముందే డిసైడ్ అయి ఉండాలి. ఫెయింట్ పని చేసిందా లేదా అని చూసి, ఓహో చేసింది, ఇప్పుడేం చేద్దాం అనుకునేలోపు మీకూ పావు సెకను పడుతుంది, మీరేమన్నా పైనుంచి దిగొచ్చారా.

ఉలిక్కిపడ్డ ఒళ్ళు ఏం చేస్తుంది

ఇది ఫెయింట్ కంటే ఇంకా లోతు విషయం. ఫెయింట్‌కి పడేది నేర్చుకున్న రియాక్షన్, ఉలికిపాటు అలా కాదు, అది పుట్టుకతో వచ్చింది. హఠాత్తుగా పెద్ద చప్పుడైతే కనురెప్ప కండరం 30, 40 మిల్లీసెకన్లలోనే బిగుసుకోవడం మొదలెడుతుంది, ఇందాక చెప్పిన 200తో పోలిస్తే ఎక్కడ! బుర్రలో ఆలోచించే భాగం దాకా కబురు పోకుండానే కింద నుంచే పని జరిగిపోతుంది. 1939లో ల్యాండిస్, హంట్ అని ఇద్దరు హైస్పీడ్ కెమెరాలు పెట్టి తుపాకీ చప్పుడుకి మనుషులు ఎలా ఉలిక్కిపడతారో ఫిల్మ్ తీసి చూశారు, దాదాపు అందరిదీ ఒకటే వరస. కళ్ళు మూసుకుంటాయి, తల ముందుకి వస్తుంది, భుజాలు పైకి లేస్తాయి, మోచేతులు మడుచుకుంటాయి, వేళ్ళు ముడుచుకుంటాయి, పొట్ట బిగుస్తుంది, మోకాళ్ళు కొంచెం వంగుతాయి. తాబేలు లోపలికి పోయినట్టు.

ఎదురుగా మొహం మీదకి ఏదైనా పెద్దదవుతూ దూసుకొస్తే మాత్రం కొంచెం వేరు, అక్కడ కళ్ళు మూతపడతాయి, చేతులు మొహానికి అడ్డం వస్తాయి, తల వెనక్కి పోతుంది. తల వెనక్కి పోతే ఏమవుతుందో నిలబడి ఒకసారి చేసి చూడండి. గడ్డం లేస్తుంది, బరువు మడమల మీదకి పోతుంది, నడుం దగ్గర్నుంచి కింద భాగమంతా ముందుకొచ్చి ఖాళీగా కనపడుతుంది. మడమల మీద ఉన్నోడు వెంటనే ముందుకి రాలేడు, కొట్టలేడు, పక్కకి కూడా జరగలేడు. అందుకే కళ్ళ ఎత్తులో ఏదైనా చూపించి పొట్టలో కొట్టడం, లేదా కాళ్ళు పట్టుకోవడం అనేది లోకంలో చాలా యుద్ధవిద్యల్లో ఉంది, ఒకరి దగ్గర ఇంకొకరు కాపీ కొట్టక్కర్లేదు, మనిషి ఒళ్ళు ఎక్కడైనా ఒకటే కాబట్టి అందరికీ దొరికింది.

సుమోలో దీనికి పేరు పెట్టి మరీ వాడతారు, నెకొదమాషి, అంటే పిల్లిని బురిడీ కొట్టించడం. బౌట్ మొదలవగానే గుద్దుకోవాల్సింది పోయి ఎదుటోడి కళ్ళ ముందు ఫట్‌మని చప్పట్లు కొడతాడు, వాడు రెప్ప వేసేలోపు పక్కకి తప్పుకుంటాడు. 2015 నవంబర్‌లో హకుహో అంతటి యొకొజునా (సుమోలో అన్నిటికంటే పై ర్యాంక్ వాడు) తొచిఒజాన్ అనే ప్రత్యర్థి మీద ఒకే బౌట్‌లో రెండుసార్లు చప్పట్లు కొట్టి గెలిచాడు, గెలిచాడు గానీ ఆ స్థాయి వాడికి ఇదేం పని అని తిట్లు కూడా తిన్నాడు. నా ఒపీనియన్ అడిగితే, రూల్స్‌లో ఉంది, పని చేసింది, అయిపోయింది. కానీ వాళ్ళ సంప్రదాయం వాళ్ళది.

ఉలికిపాటుతో ఒక చిక్కు ఏంటంటే అది అరిగిపోతుంది. మొదటి చప్పట్లకి ఎగిరిపడ్డవాడు ఐదో చప్పట్లకి రెప్ప మాత్రమే వేస్తాడు. కాబట్టి మొదటి నిమిషంలోనే అరుపులూ కేకలూ అన్నీ ఖర్చు పెట్టేసుకోకండి.

తోస్తే తోస్తాడు, లాగితే లాగుతాడు

ఎవరి భుజం మీదైనా చెయ్యి వేసి మెల్లగా వెనక్కి తోయండి. వాడు ఆలోచించకుండానే ముందుకి వాలతాడు, పడిపోకుండా ఉండటానికి. అలా వాలిన క్షణంలో తోయడం ఆపేసి లాగితే, మీ బలానికి వాడి బలం కూడా తోడై వస్తుంది. జూడోలో ఎదుటోడి బ్యాలెన్స్ విరగ్గొట్టడాన్ని కుజుషి అంటారు, 1882లో జూడో పుట్టించిన కానో జిగోరో తన స్కూల్ కొడొకాన్ పెట్టినప్పటి నుంచి ఇవాళ్టి దాకా దాని చుట్టూనే తిరుగుతారు వాళ్ళు. త్రో చేసేముందు చేసే ఆ చిన్న తోపు చూడటానికి ఏమీ కనపడదు, కానీ అది లేకపోతే ఎనభై కిలోల మనిషిని లేపడం మీ వల్ల కాదు.

కుస్తీలో నాకు బాగా నచ్చేది, మెడ వెనక చెయ్యి వేసి తలని కిందకి గుంజడం. గుంజగానే ఎదుటోడికి మనసులో ఒకటే కోరిక, తల పైకెత్తాలి. ఎత్తుతాడు, ఎత్తినప్పుడు నడుం నిటారుగా అవుతుంది, తుంటి ముందుకొస్తుంది, కాళ్ళు నీకే అన్నట్టు ఎదురుగా ఉంటాయి. అప్పుడు కిందకి దూరాలి. గట్టిగా గుంజాల్సిన పని లేదు, చిరాకు పుట్టేంత గుంజితే చాలు. రెండుసార్లు గుంజి మూడోసారి గుంజినట్టు చెయ్యి మాత్రమే ఆనించి వదిలినా తల లేచేస్తుంది, నమ్మండి.

చూపు

మనం ఎటు చూస్తే ఎదుటోడు అటు చూస్తాడు, ఇది మనిషి జాతి మొత్తానికి ఉన్న బలహీనత. మాట్లాడుతూ మాట్లాడుతూ సడన్‌గా అవతలి మనిషి భుజం మీదుగా వెనక్కి చూసి కనుబొమ్మలు లేపండి, తల తిప్పనివాడు అరుదు. కానీ చూపుతో మోసం చేయాలంటే మీకు చూడకుండా కొట్టడం రావాలి, అది రోజూ ప్రాక్టీస్ చేయకుండా రాదు. తలకి కొట్టాలంటే పొట్ట వైపు చూడటం, ఆ గురి కంటి అంచుల్లోంచే కనపడాలి. ఇందాకటి సీనియర్ నా మోకాలు చూస్తూ నా ముక్కుని కొట్టాడు అంటే ఆయన ఎన్ని వేలసార్లు పంచింగ్ బ్యాగ్ మీద అది చేశాడో.

మీరు మాత్రం ఎదుటోడి కళ్ళలోకి చూడకండి. ఛాతీ పైభాగం, కాలర్ బోన్‌ల మధ్య ఎక్కడో చూపు ఆనించి పెట్టుకుంటే భుజాలు రెండూ, తుంటి కూడా అంచుల్లో కనపడతాయి, వాడి చూపు చెప్పే అబద్ధాలు మీకు చేరవు.

రోడ్డు మీద

ఇక్కడ ఆట లేదు, కాబట్టి గోల్ కూడా వేరు. గెలవడం కాదు, వెళ్ళిపోవడం. ఆ పావు సెకను కొట్టడానికి కాదు, పరిగెత్తడానికి. ఆయుధం ఉన్నవాడైతే అడిగింది ఇచ్చేయండి, పర్స్ ఇవ్వాల్సి వస్తే వాడి చేతికి ఇవ్వకుండా వాడికి ఒక పక్కగా కొంచెం దూరం విసిరి మీరు రెండో పక్కకి పరిగెత్తండి, వాడి కళ్ళు పర్స్ వెనకే పోతాయి.

ఒట్టి చేతులతో మీదమీదకి వచ్చేవాడైతే చేతులు ఛాతీ ఎత్తులో, అరచేతులు వాడి వైపు తెరిచి పెట్టండి, "అన్నా గొడవొద్దు" అన్నట్టు. చూసేవాళ్ళకి అది బతిమాలినట్టు ఉంటుంది, కానీ మీ చేతులు ఇప్పటికే గార్డ్‌లో ఉన్నాయి. తర్వాత ఒక ప్రశ్న అడగండి, వాడు బుర్ర పెట్టాల్సిన ప్రశ్న, "మనం ఇంతకుముందు ఎక్కడ కలిశాం?" లాంటిది. కోపంలో ఉన్నవాడు కూడా ఒక్క క్షణం జవాబు వెతుక్కుంటాడు లేదా "ఏంట్రా వాగుతున్నావ్" అని మొదలెడతాడు, నోరు నడుస్తున్నంతసేపు చెయ్యి కొంచెం లేటు. తోయాల్సినా తప్పుకోవాల్సినా వాడి వాక్యం మధ్యలో చేయాలి, అయిపోయాక కాదు. తాళాలో టోపీయో చేతిలో ఉంటే మొహం మీదకి విసరండి, తగలక్కర్లేదు, రెప్ప పడితే చాలు, కానీ విసిరి ఏం జరుగుతుందా అని నిలబడి చూడకండి, చెయ్యి వదిలిన క్షణంలోనే కాళ్ళు కదలాలి. ఇద్దరు ముగ్గురు ఉంటే ఇవేవీ నమ్ముకోవద్దు, ఒకణ్ణి ఏమారిస్తే రెండోవాడు ఏమరలేదు కదా. ఇంకా, దారి దొరికాక కూడా ఆగి ఇంకో రెండు పీకితే అప్పటిదాకా ఆత్మరక్షణ అయినది అప్పటి నుంచి దాడి అయిపోతుంది, పోలీసులు అడిగినప్పుడు తేడా అక్కడే వస్తుంది.

ఎక్కడ పని చేయదు

కొత్తగా చేరిన కుర్రాడు ఒకడితో స్పారింగ్‌కి దిగి, నేర్చుకున్నవన్నీ వాడి మీద చూపిద్దాం అనుకున్నా. భుజం ఫెయింట్ వేశా, వాడు కదల్లేదు. తుంటి తిప్పా, కదల్లేదు. చూపు కిందకి వేశా, వాడు అసలు నా కళ్ళు చూస్తేగా. నేను ఇలా కథకళి ఆడుతుండగా వాడు కళ్ళు మూసుకుని ఒక పెద్ద స్వింగ్ తిప్పాడు, అది వచ్చి నా చెవి మీద పడింది. కబురు చదవడం రానివాడికి దొంగ కబురు పంపి ఏం లాభం? చిన్న ఫెయింట్లు ఆ కబురు చదవడం వచ్చినవాళ్ళకే, కొత్తవాళ్ళ మీద, బాగా తాగి రియాక్షన్లు మొద్దుబారిన వాళ్ళ మీద దండగ. వాళ్ళకి ఉలికిపాటు, తోపు-లాగుడు లాంటి పుట్టుకతో వచ్చినవే పని చేస్తాయి, అవి కూడా పెద్దవిగా, మోటుగా ఉండాలి.

రూల్స్ కూడా ఒకసారి చూసుకోండి, ఏ ఆటకి ఆ ఆట. ఫుట్‌బాల్ పెనాల్టీకి పరిగెత్తుతూ ఎన్ని వేషాలైనా వేయొచ్చు, పరుగు పూర్తయ్యాక తన్నబోయినట్టు ఆగితే మాత్రం ఎల్లో కార్డ్. క్రికెట్‌లో ఫీల్డర్ చేతిలో బంతి లేకుండానే విసిరినట్టు నటిస్తే, అది బ్యాటర్‌ని మోసం చేయడానికే అని అంపైర్ అనుకుంటే 5 పరుగులు పెనాల్టీ, 2017 నుంచి. బ్యాడ్మింటన్‌లో ర్యాకెట్‌తో స్మాష్ చూపించి డ్రాప్ వేస్తే శభాష్ అంటారు, అదే అరిచి చెదరగొడితే ఫాల్ట్. ఎంఎంఏలో (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) వేళ్ళు తెరిచి కళ్ళ వైపు పెడితే ఫౌల్. మొత్తంగా చూస్తే ఆటలో భాగమైన కదలికతో మోసం చేస్తే ఓకే, బయట నుంచి గోల తెచ్చి మోసం చేస్తే తప్పు, చాలావరకు ఇదే లైన్, పైన చెప్పిన పెనాల్టీ, క్రికెట్ రూల్స్ లాంటి మినహాయింపులు తప్ప.

మీరు పడకుండా ఉండాలంటే, ఇంకా ప్రాక్టీస్

రెప్పపాటుని పూర్తిగా ఆపలేరు, ఆపాల్సిన పని కూడా లేదు. రెప్ప వేసినా తల వెనక్కి పోకుండా చూసుకుంటే చాలు, సగం గెలిచినట్టు. మౌత్‌గార్డ్ పెట్టుకుని గడ్డం దించి గార్డ్‌లో నిలబడండి, పార్ట్‌నర్ మెత్తని గ్లవ్‌లతో మీ గార్డ్ మీద మెల్లగా తడుతూ ఉంటాడు, మీ పని ఒక్కటే, కళ్ళు తెరిచి ఊపిరి వదులుతూ ఉండటం. రోజూ రెండు నిమిషాలు చేసినా కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. ఊపిరి బిగబట్టినోడే ఎక్కువ ఉలిక్కిపడతాడు, ఇది నా మీద నేను చూసుకున్న సంగతి.

ఇంకో అలవాటు, ప్రతి ఫెయింట్‌కీ పెద్దగా రియాక్ట్ అవకుండా చిన్నగా అవడం. వస్తోందో లేదో తెలియనప్పుడు గార్డ్ మొత్తం కదపకుండా అరడుగు వెనక్కి జరగండి, నిజమైతే అందదు, అబద్ధమైతే మీ గార్డ్ చెదరలేదు.

ఫెయింట్లకి నాకు ఉపయోగపడ్డ డ్రిల్ చెప్తా. ఇద్దరూ ఎదురెదురుగా, చేతి దూరంలో నిలబడండి, భుజం తాకే ఆట. తాకినోడికి ఒక పాయింట్. మొదటి రెండు నిమిషాలు మామూలుగా ఆడండి. తర్వాత రెండు నిమిషాలు తాకేముందు ఒక ఉత్తుత్తి కదలిక తప్పనిసరి, అది లేకుండా తాకితే పాయింట్ లేదు. ఆ తర్వాత కష్టమైంది, ఒక రౌండ్ మొత్తం మీరు ఫెయింట్లు మాత్రమే వేయాలి, అసలు తాకకూడదు, ప్రతి ఫెయింట్‌కి ఎదుటోడిలో ఏం కదిలిందో పైకి చెప్పాలి, "కుడి చెయ్యి లేచింది", "వెనక్కి వాలాడు", "ఏం లేదు" అని. రౌండ్ అయ్యేసరికి వాడి అలవాట్లు మూడు నాలుగు మీ చేతికొస్తాయి, ఎక్కువమందికి ఒకే పక్క ఎక్కువ లీకేజీ ఉంటుంది. ఆ ఒక్కదాన్నే పట్టుకుని నాలుగో రౌండ్ ఆడండి.

నా లీకేజీ ఏంటో అప్పుడే బయటపడింది, ఎడమ కాలు. ఇప్పటికీ ఆ సీనియర్ కిందకి చూస్తే అది ఓ అంగుళం లేస్తుంది. కాకపోతే ఈమధ్య అది లేచినప్పుడు నా కుడి చెయ్యి కూడా బయల్దేరుతోంది, పోయిన వారం ఒకసారి తగిలింది కూడా.